హస్త కార్తెలో పిల్లలకోడి

నమోదు 1. రోజు 214.

ఈ పుస్తకం పేరు సాగు దినచర్య. సేద్య సహాయకుల పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్లు దీన్ని రాసే పని నాకు అప్పగించారు. పోస్టు మాత్రం అప్పగించలేదు. పెళ్లివంట మొత్తం చేయించుకుని, బంతి వేసేటప్పుడు పేరు మరిచిపోయినట్టు.

ప్రతి పేజీలోనూ నాలుగు గడులు నింపాలి. గాలి: గుడారంలో ఉంది, బయట లేదు. వెలుతురు: తేటగా ఉంది. నేల తేమ: చాలు. వర్షపాతం: లేదు. ఈ నాలుగో గడిని భూమ్మీద ఎవరో అచ్చు వేసి పంపారు. అంగారకుడి మీద మా ఎర్రదిన్నె వెలిసి యాభై ఏళ్లయింది. యాభై ఏళ్లుగా ఎవరో ఒకరు ఈ గడిలో శ్రద్ధగా "లేదు" అని రాస్తూనే ఉన్నారు. ఇవాళ్టికి నా వంతు.

మా తాతల కాలంలో ఇక్కడికి జనాన్ని ఎంపిక చేసేటప్పుడు కరువు జిల్లాలవాళ్లకే మొదటి పిలుపు వచ్చిందట. ఎర్రమట్టి, వాన లేకపోవడం, అడిగినదానికి ఆర్నెల్లకు జవాబిచ్చే అధికారులు. ఈ మూడూ వాళ్లకు కొత్త కాదు కాబట్టి శిక్షణ ఖర్చు మిగిలింది.

ఇక అసలు విషయం. రెండు నెలల కింద వచ్చిన ఓడలో పదిహేను బస్తాల విత్తన వేరుశనగ దిగింది. మళ్లీ ఓడ వచ్చేది ఇరవై ఆరు నెలలకు. విత్తనాల గది తాళంచెవి తిప్పన్న మామ మొలతాడుకు ఉంది. పంట కాలం నూట పది రోజులు. ఏటా 360వ రోజు అటూ ఇటూగా దుమ్ము లేస్తుంది. లేచిందంటే నెలల తరబడి పొద్దు కనిపించదు, దీపాలకు కరెంటూ ఉండదు. కాబట్టి 240వ రోజు లోపల విత్తనం పడాలి. ఇది కూడిక, తీసివేత తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

తిప్పన్న మామకు కూడికా తీసివేతా రెండూ వచ్చు. కానీ ఆయనకు కార్తె కావాలి.

"ఇప్పుడు యా కార్తె పాపా?" అన్నాడు పొద్దున నేను అడగబోతే.

"నాకేం తెలుసు మామా."

"హస్త వస్తాంది. హస్తలో ఎవురన్నా చెనిక్కాయ ఏస్తారా? మృగశిరలో ఏసేది. మృగశిరకి ఇంకా ఎనిమిది నెలలుండాది. అంతదాకా నువ్వు నీ పుస్తకంలో వాన పడలేదని రాసుకో పో."

విత్తనాల గది తలుపు మీద ఓడలో వచ్చిన పంచాంగం క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. మామ రోజుకొక కాగితం చింపుతాడు. మా రోజు భూమి రోజు కంటే నలభై నిమిషాలు పొడుగు. అందుకని ముప్పై ఆరు రోజులకోసారి రెండు కాగితాలు కలిపి చింపుతాడు. ఆ లెక్క ఈ యాభై ఏళ్లలో ఒక్క రోజు కూడా తప్పలేదు. అదే బాధ. తప్పులు చేసే మనిషితో వాదించవచ్చు.

నమోదు 2. రోజు 216.

గాలి, వెలుతురు, తేమ: మొన్నటిలాగే. వర్షపాతం: ఊహించండి.

పరీక్ష మూడు రోజుల్లో. సేద్య సహాయకుల పోస్టు ఒక్కటే, రాసేవాళ్లం తొమ్మిది మంది. అందులో ఎనిమిది మందికి పాఠాలు చెబుతున్నది నేనే. నా పోటీదారులకు నేనే కత్తులు నూరి ఇస్తున్నాను. డిగ్రీ ఉన్నదాన్ని ఊరికే కూర్చోబెట్టలేక పంచాయితీ ఈ పని కూడా అంటగట్టింది.

పోస్టు వస్తే రెండు వస్తాయి. ఒకటి, విత్తే రోజు నిర్ణయించే అధికారం. అప్పుడు తిప్పన్న మామ తాళంచెవి ఇచ్చి తీరాలి. రెండు, ఆరు చక్రాల బండి. ఉత్తరాన మంచు మైదానం దాకా వెళ్లి నీళ్ల గనులు చూసి రావాల్సింది సేద్య సహాయకులే. ఇరవై నాలుగేళ్లుగా ఈ గుడారం చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాను. మొదటిదాని గురించి అందరికీ చెబుతాను. రెండోదాని గురించి ఈ పుస్తకానికి మాత్రమే.

నేను ఇప్పటికే రెండుసార్లు తప్పాను. ప్రశ్నలు భూమి మీద తయారవుతాయి, జవాబుల కీ కూడా అక్కడే. మొదటిసారి "సంవత్సరానికి ఎన్ని రోజులు?" అంటే 668 అని రాశాను. "చంద్రుడు ఏ దిక్కున ఉదయిస్తాడు?" అంటే ఏ చంద్రుడో చెప్పమని ఎదురు రాశాను. మాకు ఇద్దరు. చిన్నోడు తూర్పున లేస్తాడు, పెద్దోడు పడమట లేచి తూర్పున మునుగుతాడు, అదీ రోజుకు రెండుసార్లు. ఆ ప్రశ్నకు నాకు సున్నా. రెండోసారి జాగ్రత్తపడ్డాను కానీ అలవాటుపడిన చెయ్యి ఊరుకోదు.

అందుకని ఈసారి తరగతిలో ఒకటే సూత్రం: పరీక్షలో భూమి, చేనులో ఇది. రెండూ కలపకూడదు.

నా విద్యార్థుల్లో శివగంగ అనే పిల్ల ఉంది, పద్దెనిమిదేళ్లు. ఏది చెప్పినా అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. కానీ నమ్మదు. ఇవాళ రుతుపవనాలు చెబుతున్నాను.

"అక్కా, నీళ్లు పైనుంచి వాటంతటవే పడతాయా?"

"పడతాయి."

"మరి కట్టేసేది ఎవురు?"

"ఎవరూ కట్టేయరు. వాటంతటవే ఆగిపోతాయి."

శివగంగ కాసేపు నన్ను జాలిగా చూసింది. "అంత నీళ్లు ఊరికే కింద పోసేవాళ్ల కాడ మనం పరీక్ష రాయల్లనా?" అని నోట్సు రాసుకుంది.

దిక్సూచి పాఠం ఇంకా ఘోరం. ఇక్కడ ఆ ముల్లును లాగే శక్తి నేలలో లేదు. పెట్టెలో నుంచి తీసి బల్ల మీద పెడితే పెళ్లిలో తాగినవాడిలా ఎటుపడితే అటు చూసింది. "ఎప్పుడూ ఉత్తరాన్నే చూపును," అని రాయించాను.

నమోదు 3. రోజు 219.

పరీక్ష రాశాను. వంద ప్రశ్నలు, తొంభై తొమ్మిది వస్తేనే పాసు. సేద్యం ప్రాణాలతో ముడిపడిన పని కాబట్టి అంత గట్టిగా పెట్టారట. ఆ ప్రాణాలు ఏ గ్రహం మీద ఉన్నాయో మాత్రం పట్టించుకోలేదు.

ఈసారి బుద్ధిగా రాశాను. సంవత్సరానికి రోజులు: 365. చంద్రుళ్లు: ఒక్కడు, పాపం. మృగశిర కార్తెలో మొదలయ్యేది: నైరుతి రుతుపవనాలు. వేరుశనగ విత్తడానికి అనువైన కాలం: ఖరీఫ్. అబద్ధాల మీద అబద్ధాలు రాసి చివరికి చేతులు కడుక్కున్నాను. నిజం చెప్పే అధికారం కోసం వంద అబద్ధాలు.

ఇంటికొస్తే అమ్మ పప్పులో తిరగమాత వేస్తోంది. నూనె సీసాను తలకిందులు చేసి, బాణలి మీద పట్టుకుని, ఆ ఒక్క చుక్క దిగేదాకా చుట్టంకోసం ఎదురు చూసినట్టు చూస్తూ నిలబడింది. చుక్క దిగింది. గురుత్వాకర్షణ తక్కువ కదా, తీరిగ్గా దిగింది.

"ఇదే ఆఖరు. ఇంగ నీళ్ల తిరగమాతే," అంది. "ఊరుబిండి పచ్చడి నూరి ఎన్నాళ్లయిందో. చెనిక్కాయ లేని ఇల్లు ఇల్లేనా? ఆ తిప్పన్నకి చెప్పేవాళ్లే లేరు."

"నువ్వు చెప్పకూడదా? నీ అన్నే కదా."

"నా అన్నే. అందుకే చెప్పను. మీ నాయన సంబంధం వచ్చిన రోజు, పిల్లోనికి కుజదోషం అన్నాడు. కుజుని మీదే కాపురముండి! ఊరు ఊరంతా దోషమే ఉంటే ఇంగ తీసెయ్యరాదా అంటే, శాస్త్రం శాస్త్రమే అన్నాడు. అట్లాంటోనికి నేనేం చెప్పేది?"

పోయినేడు పాత సేద్య సహాయకుడు ఓడెక్కి వెళ్లిపోయాక మామే మృగశిర చూసి విత్తించాడు. మా లెక్కలో అది 421వ రోజు. అప్పటికి దుమ్ము కాస్త తెరిపి ఇచ్చినట్టుంది కానీ, పైరు మోకాటి ఎత్తు రాకముందే మళ్లీ కమ్మి నలభై రోజులు పొద్దు కనిపించలేదు. పీకి చూస్తే అన్నీ తాలుకాయలు. పిసికితే టపటపమని గాలి. పిల్లలు వారం రోజులు వాటితో ఆడుకున్నారు.

"దుమ్ముకి వేళాపాళా లేదు," అంటాడు మామ. పంచాంగం అంచుల్లో దుమ్ము లేచిన తేదీలన్నీ రాసిపెట్టుకున్నాడు. భూమి తేదీలు కదా, ఒకసారి జూన్, ఒకసారి మార్చి, ఇంకోసారి డిసెంబరు. చూస్తే నిజంగానే పిచ్చిదానిలా ఉంటుంది. రోజు నంబర్లలో చూడు మామా, అన్నీ 360 పక్కనే పడుతున్నాయి అంటే, "నంబర్లు మిషన్లకి. పైరుకి కార్తె," అన్నాడు.

నమోదు 4. రోజు 226.

ఫలితాలు వచ్చాయి. రాలేదు. రెండూ నిజమే.

మాకూ భూమికీ మధ్యకు సూర్యుడు అడ్డం రావడం మొదలైంది. రెండేళ్లకోసారి వస్తుంది. వచ్చినప్పుడు రెండున్నర వారాలు మాట పోదు, మాట రాదు. అది మొదలయ్యే రోజునే ఫలితాలు పంపాలని ఎవరికి తోచిందో వాళ్లకు నా నమస్కారాలు.

పంచాయితీ గదిలో రేడియో చుట్టూ తొమ్మిది మందిమీ, తొమ్మిది మంది అమ్మలూ. గరగర. "ఎర్రదిన్నె కేంద్రం. సేద్య సహాయకుల పోస్టుకు అర్హత పొందిన అభ్యర్థి... హాల్ టికెట్ నంబరు... నాలుగు..."

గరగర.

"నాలుగు వందల..."

ఆ తరవాత సూర్యుడే మాట్లాడాడు. అందరి హాల్ టికెట్లూ నాలుగు వందలతోనే మొదలవుతాయి.

"నాలుగు వందలంటే నేనే," అన్నారు తొమ్మిది మందీ ఒకేసారి.

మాట మళ్లీ వచ్చేది 244న. విత్తనానికి గడువు 240. నేను పాసయ్యాననే అనుకుందాం. నాలుగు రోజులు ఆలస్యంగా పాసయ్యాను.

నమోదు 5. రోజు 229.

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

పరీక్ష అయిపోయినా శివగంగకు కంగారు తగ్గలేదు. కుళాయి దగ్గర నేను గిన్నెలు తోముతుంటే పక్కన చేరి, ఒక్కొక్క ప్రశ్నకూ నేనేం రాశానో అడుగుతోంది.

"డెబ్భై రెండు. కార్తె అనగానేమి? నువ్వేం రాసినావక్కా?"

"సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర కనిపిస్తే ఆ కార్తె," అన్నాను బూడిద రాస్తూ. వందసార్లు రాయించిన వాక్యం.

"ఆ, నేనూ అదే రాసినా. డెబ్భై మూడు..."

"ఆగు. ఇంకోసారి చెప్పు."

"నువ్వే కదక్కా చెప్పింది. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర కనిపిస్తే..."

"ఎక్కడినుంచి కనిపిస్తే?"

"అది ప్రశ్నలో లేదక్కా," అంది శివగంగ, భయపడుతూ.

ప్రశ్నలో లేదు. జవాబులోనూ లేదు. రెండేళ్లుగా నేను చెబుతున్న పాఠంలోనూ లేదు. కార్తె అంటే తేదీ కాదు. క్యాలెండర్ కాగితం కాదు. సూర్యుడి వెనక ఏ చుక్క ఉందో అది. చుక్కలు ఎంత దూరాన ఉన్నాయంటే, భూమి నుంచి చూసినా ఇక్కడి నుంచి చూసినా అవే ఇరవై ఏడు, అదే వరసలో. కానీ మేం నిలబడిన చోటు వేరు. మా సూర్యుడి వెనక ఉన్న చుక్క వేరు.

గిన్నెలు వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాను. మధ్యలో రాగిముద్ద పెట్టాను, అది సూర్యుడు. దానికి ఇటువైపు ఉల్లిగడ్డ, భూమి. సూర్యుడు అడ్డం వచ్చాడు కాబట్టి మేం సరిగ్గా అటువైపు, ఎండుమిరపకాయ. వంటింటి గోడలు చుక్కలు. ఉల్లిగడ్డ వెనక నుంచి ముద్దను చూస్తే వెనక ఉప్పు జాడీ గోడ కనిపిస్తుంది, అది హస్త. మిరపకాయ వెనక నుంచి చూస్తే వెనక అమ్మ.

అంటే అమ్మ నిలబడిన చోటు. హస్తకు సరిగ్గా ఎదురు గోడ, వరసలో దాని నుంచి పద్నాలుగో చుక్క.

"ముద్ద నేల మీద పెట్టినావా?" అంది అమ్మ.

"అమ్మా, నువ్వు రేవతి."

"నేను లచ్చుమమ్మని. దాన్ని ఎత్తు ముందు."

శివగంగ గడప దగ్గర నుంచి నోట్సు రాసుకుంటోంది. "అక్కా, మిరపకాయ మార్కుల్లో వస్తాదా?"

రాత్రి భోజనం అయ్యేలోపు లెక్క పూర్తయింది. మాకు ఇప్పుడు రేవతి. మా సంవత్సరం పెద్దది కాబట్టి ఇక్కడ కార్తె ఇరవై అయిదు, ఇరవై ఆరు రోజులు. రేవతి, అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి. అయిదు దాటితే మృగశిర. అది వచ్చేది 356వ రోజున.

పాత దినచర్యలన్నీ తిరగేశాను. దుమ్ము మొదలు: 360. 358. 371. 366. ప్రతి ఏడూ మా మృగశిరలోనే.

తాతల ఊళ్లలో మృగశిరకు వాన దిగుతుంది. ఇక్కడ మృగశిరకు దుమ్ము లేస్తుంది. అక్కడ ఆ కార్తె విత్తమని చెబుతుంది. ఇక్కడ అదే కార్తె, కోసి లోపల పెట్టుకోమని చెబుతుంది. కార్తె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. మేమే ఇంకో ఊరి కార్తె వింటూ కూర్చున్నాం.

నమోదు 6. రోజు 230.

మామకు చెప్పాను. రాగిముద్ద, ఉల్లిగడ్డ, మిరపకాయ పళ్లెంలో పట్టుకెళ్లి మరీ చెప్పాను.

మామ మొత్తం విన్నాడు. తరవాత ఉల్లిగడ్డ కొరికాడు.

"భూమిని తినేసినావు మామా."

"బాగుంది. చూడు పాపా, ఈ పంచాంగం రాసినోళ్లు తరతరాల పండితులు. నువ్వు రెండుసార్లు తప్పినదానివి. ఎవురి మాట ఇనల్ల నేను?"

పళ్లెం తీసుకుని వచ్చేశాను. మిరపకాయ కూడా ఉంచుకున్నాడు.

వర్షపాతం: లేదు. గుర్తు రాలేదు, ఇప్పుడు నింపుతున్నాను.

నమోదు 7. రోజు 233.

మూడు రోజులు ఆలోచిస్తే తట్టింది. మామను పాఠం వినమంటే వినడు. పరీక్ష పెట్టాలి.

తిప్పన్న మామ ఇక్కడ పుట్టినవాడు కాదు. ఇరవై ఏళ్లప్పుడు భూమి నుంచి వచ్చాడు. అంతకు ముందు గొర్రెలు కాశాడు, పందులు పడకుండా వేరుశనగ చేనుకు కావలి పడుకున్నాడు. ఆ కథలు ఊళ్లో అందరికీ కంఠతా వచ్చు.

పొద్దు వాలే వేళకు విత్తనాల గది దగ్గరికి వెళ్లాను. శివగంగను సాక్ష్యానికి తీసుకెళ్లాను.

"మామా, ఒక మార్కు ప్రశ్న. హస్త కార్తెలో పొద్దు మునగంగానే పిల్లలకోడి యాడుంటాది?"

పిల్లలకోడి అంటే కృత్తిక చుక్కల గుంపు. తల్లికోడి చుట్టూ పిల్లలు ముసిరినట్టు ఉంటుంది.

మామ నవ్వాడు. "నాకే పరీక్షనా? హస్తలో పొద్దు మునగంగానే కోడి యాడుంటాది మేయ్? ఉండనే ఉండదు. తిని, గొంగడి పరుసుకోని, పడుకునే యాళకి తూర్పున లేస్తాది. దాన్ని చూసే కదా మేము కావలి మార్చుకునేది."

"పడమట ఉంటుందా?"

"పొద్దు మునిగేటప్పుడు పడమటనా? హస్తలోనా?" శివగంగ వైపు తిరిగాడు. "ఇట్లా చెప్తాందా మీకు పాఠాలు? ఇంగ తొమ్మిది మందీ తప్పినట్లే."

"అయితే బయటికి రా మామా. చూసొద్దాం."

మా గుడారం పైకప్పు దుమ్ము గీతలతో పాల సంచిలా ఉంటుంది. లోపలి నుంచి పొద్దు తప్ప ఏ చుక్కా కనిపించదు. మామ బయటికి వెళ్లి పదకొండేళ్లయింది, అదీ ఎప్పుడూ పగటిపూట పనికే. మోకాళ్ల నొప్పి అన్నాడు. సూటు పట్టదన్నాడు. పదకొండేళ్ల కింద పట్టిన సూటు నిజంగానే పట్టలేదు, శివగంగా నేనూ చెరోవైపు లాగి గొళ్లెం వేశాం. గాలిగది తలుపు తెరుచుకునేదాకా హెల్మెట్లో ఆయన తిట్లు నా చెవిలో వినిపిస్తూనే ఉన్నాయి. అవి ఈ పుస్తకానికి తగవు.

బయట పొద్దు మునిగింది. మునిగినచోట ఆకాశం నీలంగా ఉంది, మిగతాదంతా మట్టిరంగు. పెద్ద చంద్రుడు తన పద్ధతిలో పడమట లేచి హడావిడిగా పైకి వెళ్తున్నాడు. మేం ఎదురు చూశాం. చీకటి చిక్కబడింది.

తిట్లు ఆగిపోయాయి.

పడమట, పొద్దు మునిగిన చోటికి పైన, చిన్న గుంపుగా, ముసురుకుని. తల్లీ పిల్లలూ.

"ఒగటి, రెండు, మూడు..." అని మామ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆరు దాకా వచ్చి ఆగాడు. "ఏడోది నాకు ఆ దినాల్లో కూడా కనపడేది కాదు," అన్నాడు. "యాభై ఏండ్లాయ."

"నేనేమీ చెప్పను మామా," అన్నాను.

ఆయన చెయ్యి చాచాడు. సూటు చేతితొడుగు మందంగా ఉంటుంది, వేళ్లు సరిగ్గా విచ్చుకోవు. అయినా బొటనవేలు పొద్దు మునిగిన చోట ఆనించి జాన వేశాడు. దాని మీద ఇంకో జాన. కోడి తగిలింది.

"రెండు జాన్లు," అన్నాడు తనలో తాను. "కోడికి ఇవతల భరణి. దానికి ఇవతల అశ్విని. దానికి ఇవతల..."

శివగంగ నోరు తెరవబోయింది. కాలు తొక్కాను.

"పొద్దు రేవతిలో ఉండాదే!" అన్నాడు మామ. తరవాత చాలా నెమ్మదిగా, "మరి పంచాంగం తప్పు చెప్పిందా?"

"తప్పు చెప్పలేదు మామా. ఆ ఊరికి చెప్పింది."

ఆయన కోడి వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఇక్కడ కార్తెకి ఎన్ని దినాలు?"

"ఇరవై ఆరు."

మామ వేళ్లు మడవడానికి ప్రయత్నించాడు. చేతితొడుగులో అవి మడవలేదు. నా చెయ్యి పట్టుకుని నా వేళ్లు మడిచాడు. రేవతి, అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి. పిడికిలి అయ్యింది. "దీని తరవాత మృగశిర. పోయినేడు ఈ మృగశిర ఎప్పుడో దాటిపోయినాక ఏసినాను నేను. ముంచుకొచ్చిన దుమ్ములో."

"అవును మామా."

"ఎవురూ చెప్పలేదే నాకు."

పళ్లెం పట్టుకుని వెళ్లిన సంగతి ఆయనకూ గుర్తుంది, నాకూ గుర్తుంది.

"సరే," అన్నాడు చివరికి. "తాళంచెవి మాత్రం నీకియ్యను. నేనే తెరుస్తా."

నమోదు 8. రోజు 238.

విత్తనం పడింది.

నాలుగు రోజులు ఊరి ఆడవాళ్లంతా కాయలు ఒలిచారు. మిషన్‌తో ఒలిస్తే పప్పు పొర చిట్లి మొలక రాదని మామ చేతులతోనే ఒలిపించాడు. పెంకులు విసిరితే తీరిగ్గా తేలుతూ పడతాయి కాబట్టి గదంతా సీతాకోకచిలుకల్లా ఉంది. అమ్మ మధ్యలో కూర్చుని అందరి నోళ్లకూ కాపలా కాసింది. "నోరు చూపీ మే" అంటూ శివగంగ నోరు తెరిపించి మరీ చూసింది. తన నోరు ఎవరూ చూడలేదు.

విత్తనం వేసే గొర్రుతో చిక్కు వచ్చింది. ఇక్కడ బరువు మూడోవంతే కాబట్టి గొర్రు పళ్లు నేలలోకి దిగవు. భూమ్మీద ఒక మనిషి ఎక్కితే చాలట, మాకు ముగ్గురు కావాలి. ఊళ్లో లావుపాటి వాళ్లను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు మామ. పిలిపించుకున్నవాళ్లు రాలేదు, ఇప్పుడు వాళ్లతో మాటల్లేవు. చివరికి మామే ఎక్కి, పక్కన అమ్మను ఎక్కించుకున్నాడు. ఇరవై అయిదేళ్ల తరవాత అన్నాచెల్లెళ్లు ఒకేచోట కూర్చున్నారు. మూడో బరువు నేను.

"కుజదోషం సంగతి..." అంది అమ్మ రెండో సాలులో.

"సాలు చక్కగా పోనీ లచ్చుమీ," అన్నాడు మామ.

నమోదు 9. రోజు 245.

మొలకలు నేల పగలగొట్టుకుని వచ్చాయి. రెండేసి ఆకులు, ఎవరో పిలిచినట్టు అన్నీ ఒకే రోజు.

రేడియో కూడా నిన్న నోరు తెరిచింది. నాలుగు వందల పదిహేడు. శివగంగ. నూటికి నూరు.

నాకు తొంభై ఎనిమిది. ఒక్క మార్కులో పోయింది. రెండు తప్పులు చెప్పారు. ఒకటి, పరధ్యానంలో ఏదో. రెండోది అరవై నాలుగో ప్రశ్న: అస్తమించే సూర్యుడి చుట్టూ ఆకాశం ఏ రంగులో ఉంటుంది? నీలం అని రాశాను. ఎప్పుడు రాశానో నాకే తెలియదు. చేతికి తెలుసు.

అభ్యంతరం పంపాను. ఇవాళే జవాబొచ్చింది. "మీ అభ్యంతరం పరిశీలించబడినది. అస్తమయం ఎరుపే."

సాయంత్రం శివగంగ వచ్చింది. నియామక పత్రం రెండు చేతులతో పట్టుకుని గడపలోనే నిలబడింది. ఏడుపు మొహం.

"అక్కా, నాకు ఒక్క ముక్క తెలీదు. నూరు రాసినా కానీ ఒగటీ నమ్మలేదు. ఇప్పుడు నేనేం చేయల్ల?"

"విత్తడం అయిపోయింది. విత్తే రోజు నిర్ణయించినట్టు సంతకం పెట్టు."

ఫారంలో "కార్తె" అనే గడి ఉంది. పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. "పరీక్షలో భూమి, చేనులో ఇది. ఇది పరీక్షనా, చేనా?"

"చేను."

రేవతి అని రాసింది. తరవాత గొంతు తగ్గించి, "ఇంగోటక్కా. బండి ఇచ్చినారు. ఉత్తరానికి నెలకోసారి పోయి రావల్లంట. అది కదిలితేనే నాకు వాంతులు. డ్రైవర్ని పెట్టుకునే అధికారం నాకుండాదంట. నువ్వు..."

వాక్యం పూర్తి కాకముందే నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

నమోదు 12. రోజు 357.

ఈ పుస్తకం శివగంగ నాకే వదిలేసింది. మధ్యలో రెండు నమోదులు బండిలో రాశాను, కుదుపులకు నాకే చదవడం రావడం లేదు.

వారం కింద పీకాం. చెట్టుకు ఇరవై, ఇరవై అయిదు కాయలు. మామ మొదటి చెట్టు పీకి, ఒక కాయ చెవి దగ్గర ఊపి, విని, కొరికి, ఇంకోటి కొరికాడు. తాలు లేవు. విత్తనానికి పక్కన పెట్టగా, గానుగకు పోగా, పచ్చికాయలు ఇంటికొక చాటెడు పంచారు. అమ్మ మొన్న ఊరుబిండి నూరింది. నిన్న కూడా నూరింది. ఇవాళ వద్దన్నా వినలేదు.

విత్తనాల గది తలుపు మీద పంచాంగం అలాగే ఉంది. పక్కన మామ బొగ్గుతో గోడ మీదే కొత్తది రాశాడు. ఇరవై ఏడు కార్తెలు, పక్కన మా రోజు నంబర్లు. రేవతి: వేరుశనగ విత్తవలెను. మృగశిర ఎదురుగా ఏం రాయాలో ఆయనకు చాలా రోజులు తోచలేదు, ఖాళీగా వదిలేశాడు.

నిన్నటి నుంచి మృగశిర. ఇవాళ మధ్యాహ్నం వెలుతురు మెల్లగా బెల్లంరంగుకు తిరిగింది. తరవాత గుడారం మీద సన్నగా, చాలా సన్నగా, ఎవరో వేళ్లతో నిమిరినట్టు శబ్దం. పనులు ఆపేసి అందరం విత్తనాల గది అరుగు మీద చేరాం. అమ్మ ఉడకేసిన కాయలు గంపలో తెచ్చింది. ఉప్పు సరిపోయింది. పైన చప్పుడు పెరిగింది.

"తాతల ఊళ్లో వాన పడితే ఇట్లానే ఉంటాదా పెదనాయనా?" అంది శివగంగ.

మామ కాయ ఒలిచి, పప్పు నోట్లో వేసుకుని, పైకి చూస్తూ కాసేపు విన్నాడు. తరవాత లేచి, బొగ్గు తీసుకుని, గోడ మీద ఖాళీగా ఉన్న గడి నింపాడు.

మృగశిర: తొలకరి దుమ్ము. ఇంట్లో కూర్చొని కాయలు తినవలెను.

వర్షపాతం: ఉంది. ఈ గడిలో శివగంగ సంతకం కూడా పెట్టించాను.